ఓరుగంటి శీతకాలము – వానజాడ, మంచుజాడ

కార్తికమాసము గడచి మార్గశిరము ప్రవేశించినంతనే మన ఓరుగంటి సీమలో రెండు ప్రశ్నలు వినవచ్చును. కల్లమున ధాన్యము పోసికొనిన కాపు “ఈ వారమున వాన పడునా?” యని యడుగును. ఉత్తరదేశమున హిమపాతము కలిగినదని వార్తలలో విన్న బాలుడు “మన యూర నెన్నడైన మంచు కురియునా?” యని యడుగును. మొదటి ప్రశ్నకు నిశ్చయమైన యుత్తరము దుర్లభము. రెండవదానికి నిశ్చయమైన యుత్తరము కలదు. ఈ ప్రశ్నలకు మన పూర్వులేమని చెప్పిరో, పాశ్చాత్యశాస్త్రజ్ఞులేమని చెప్పిరో, నేటి వాతావరణశాఖవారేమని చెప్పుచున్నారో, నమ్మరాని యాకాశము క్రింద నీ సీమ ప్రజలెట్లు బ్రదుకు సాగించిరో నేడు ముచ్చటించెదను.

ముందుగా సులభమైన ప్రశ్నను తీసికొందము. తెలుగున “మంచు” అను పదము మిక్కిలి విశాలమైనది. తెల్లవారుజామున గడ్డిపై నిలుచు బిందువులును మంచే. పొలముల మీద పొగవలె క్రమ్మునదియు మంచే. హిమవత్పర్వతముపై గడ్డకట్టి పేరుకొనునదియు మంచే. మొదటి రెండును మనకు ప్రతియేటను పరిచితములు. మూడవది మన సీమలో కురియదు. ఏలయన, ఓరుగల్లు ఉత్తరాక్షాంశము 18 డిగ్రీల చెంత, సముద్రమట్టమునకు దాదాపు 300 మీటర్ల ఎత్తున నున్నది. నీరు గడ్డకట్టునంతటి చలి మన మీది గాలిలో శీతకాలమున సైతము నాలుగైదు కిలోమీటర్ల యెత్తున గాని లభింపదు. ఆ యెత్తున మేఘములలో మంచుపలుకులు పుట్టుచునే యుండును. అవి దిగివచ్చు దారిలో వెచ్చని గాలి తగిలి కరగి వానచినుకులగును. కావున మనపై కురియు పెద్దవానలలో కొంత భాగము పుట్టుకచే మంచే యని చెప్పవచ్చును.

బలమైన యురుముమేఘములలో నా పలుకులు గాలివేగముచే పైకెగయుచు, నీటిని పొరలు పొరలుగా పైనంటించుకొని బరువెక్కును. కరగుటకు వ్యవధిలేక నేలబడినచో వానినే వడగండ్లందుము. ఓరుగంటి రైతు తన చేనిలో చూచిన గడ్డమంచు ఈ రూపముననే వచ్చినది. అది కన్నులకు వేడుక కాదు, పైరునకు మృత్యువు.

తెలుగుదేశమున చలికి పేరుపడినది అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి. సుమారు 1000 మీటర్ల యెత్తున నున్న యా గ్రామమును “ఆంధ్ర కాశ్మీర” మని జనులు పిలుతురు. అచ్చట కొన్ని రాత్రులు గడ్డిపై తెల్లని పొర గట్టుటయు కలదు. అది నేల చల్లబడినప్పుడు గాలిలోని యావిరి గడ్డకట్టి యేర్పడిన పొరయే కాని, మేఘము నుండి రాలిన హిమము కాదు. కనుక తెలుగువాడు చిరకాలము హిమపాతమును గ్రంథములందే చూచెను. అల్లసాని పెద్దన మనుచరిత్రమున ప్రవరుడు పాదలేపమహిమచే హిమాలయమునకు బోయి, ఆ లేపము మంచున కరగిపోవ తిరిగిరాలేక చిక్కువడిన కథ మీరెరుగుదురు. మన కవికి మంచనగా దూరదేశపు వింత, దారి తప్పించు వస్తువు.

ఐనను ఆ దూరపు మంచునకును మన చలికిని సంబంధము లేదనరాదు. శీతకాలమున మధ్యధరాసముద్ర ప్రాంతము నుండి తూర్పునకు సాగివచ్చు గాలిసుడులు కొన్ని కాశ్మీరమును, హిమాచలమును తాకి యచ్చట హిమము కురిపించును. వీనిని పాశ్చాత్య విక్షోభము లందురు. ఆ సుడి తూర్పునకు దాటిన పిమ్మట నుత్తరపు పొడిగాలి మైదానముల మీదుగా దక్షిణమునకు దిగును. ఆకాశము నిర్మలమై, రాత్రి నేలలోని వేడి నిరాటంకముగా పైకి పోవును. అప్పుడే ఆదిలాబాదు మొదలు ఓరుగల్లు దాక చలి గజగజలాడించును. మాఘమున మ్రాకులు సైతము వణకునని మనవారనుట యిందువలననే. హిమము మన కడకు రాదు. దాని కబురు మాత్రము గాలియై వచ్చును.

ఇక వాన ప్రశ్నకు వత్తము. వానను కొలుచుట మన దేశమున ప్రాచీనమైన విద్య. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ధాన్యాగారము కడ మూరెడు వెడల్పు నోరుగల కుండము నుంచి వర్షమును కొలువవలెనని విధించెను. జాంగలదేశమునకు 16 ద్రోణముల వాన ప్రమాణమనియు, అశ్మకదేశమునకు అంతకంటె తక్కువ యనియు, హిమవత్ప్రదేశములకు లెక్క లేదనియు చెప్పెను. అశ్మకమనగా గోదావరితీరమున మన తెలంగాణపు టుత్తరభాగమును గూడ గలిగినదని చరిత్రకారులు తలంతురు. అనగా, మన సీమ సమృద్ధవర్షము కలది కాదని గ్రంథస్థమై రెండువేల యేండ్లకు దాపైనది.

క్రీస్తుశకము ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో నింకొక మెట్టెక్కెను. ఆతని మతమున వాన ఆషాఢమున పుట్టునది కాదు. మార్గశీర్ష శుక్లపక్షము మొదలుకొని యాకాశము గర్భము ధరించును. 195 దినములకు ప్రసవించును. డిసెంబరు 1వ తేదీకి 195 దినములు చేర్చి చూడుడు. జూన్ 14వ తేదీ వచ్చును. మృగశిర కార్తెకును ఆరుద్ర కార్తెకును నడిమి కాలమది. సంధ్యారాగము, పరివేషము గల మేఘములు, మార్గశీర్షమున మితమైన చలి, ఇవి మంచి గర్భలక్షణములని యాతడు చెప్పెను. పుష్యమున హిమపాత మతిమాత్రము కారాదని కూడ నర్థము చెప్పుదురు. రాత్రింబగళ్లు చిత్తమేమరక యాకాశమును పరీక్షించువాని పలుకే వాన విషయమున తప్పదనియు నాతడు హెచ్చరించెను. ఈ హెచ్చరిక నేటికిని శిరోధార్యము.

కృషిపరాశరమను గ్రంథమున మరియొక లెక్క కలదు. పుష్యమాసపు ముప్పది దినములను రెండున్నర దినముల చొప్పున పండ్రెండు భాగములు చేసి, ఒక్కొక్క భాగమున వీచు గాలిని బట్టి ఒక్కొక్క మాసపు వాన నూహించుట. మన యూళ్లలో నుగాదినాడు పంచాంగశ్రవణమున మేఘాధిపతి యెవరో, వాన యెన్ని యాఢకములో, అందు సముద్రమున నెంత, పర్వతములపై నెంత, భూమిపై నెంత పడునో వినుట నేటికిని కలదు. ఈ లెక్కలన్నియు నిజమగునని నేను వాదింపను. కాని యిందొక సూక్ష్మము కలదు. చలికాలపు టాకాశమునకును రాబోవు వానకాలమునకును పొత్తు గలదన్న భావన మనవారికి చిరపరిచితము. ఆ భావనయే మరియొక దారిని పాశ్చాత్యశాస్త్రజ్ఞునకును తట్టినది.

1864వ సంవత్సరమున కలకత్తాను ఘోరమైన తుపాను ముంచెను. 1866లోను 1871లోను ఋతుపవనములు విఫలమయ్యెను. ఈ యాపదలు చూచి 1875లో భారత వాతావరణశాఖను నెలకొల్పిరి. హెన్రీ బ్లాన్‌ఫర్డ్ దొర దానికి మొదటి యధికారి. 1876 మొదలు 1878 వరకు దక్షిణాపథమును కాల్చిన మహాక్షామము పిమ్మట, వాన రాకను ముందుగా తెలియవలెనని ప్రభుత్వమువారు కోరిరి. బ్లాన్‌ఫర్డ్ హిమాలయమును పరిశీలించెను. శీతకాలమునను వసంతమునను అచ్చట మంచు మిక్కుటముగా పడినచో పొడిగాలులు బలిసి, తరువాతి వానకాలము దుర్బలమగునని 1884లో ప్రకటించెను. ఆ మంచులెక్క నాధారముగా జేసికొని 1886 జూన్ 4న తొలి ఋతుపవన సూచనను వెలువరించెను.

హిమము నెన్నడును చూడని ఓరుగంటి రైతు వరిచేని భవితవ్యమును హిమాలయపు మంచున చదువ యత్నించుట వింత కాదా? అతిహిమమును గూర్చిన వరాహమిహిరుని మాట మనకిచ్చట జ్ఞప్తికి వచ్చును. ఈ పోలిక చూచి, అంతయు మనవారికి ముందే తెలియునని యుప్పొంగుట తగదు; పోలిక వేరు, ఋజువు వేరు. బ్లాన్‌ఫర్డ్ తన మాటను ఏటేట లెక్కలతో పరీక్షకు పెట్టెను. ఆ పరీక్షకు నిలుచుటయే శాస్త్రమునకు గీటురాయి.

ఆ పరీక్ష కఠినమైనది. బ్లాన్‌ఫర్డ్ తరువాత వచ్చిన జాన్ ఇలియట్ దొర 1899లో వానలు బాగుగా కురియునని సూచించెను. ఆ యేడు దేశమున ఘోరమైన కఱవు వచ్చెను. పత్రికలు దూషించెను. పిదప కొన్నేండ్లు సూచనలను ప్రజలకు చెప్పక అధికారులకు మాత్రమే రహస్యముగా పంపిరి. 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ దొర గణితవేత్త. ఆయన దేశదేశముల వాయుపీడనపు లెక్కలు తెప్పించి, హిందూ పసిఫిక్ మహాసముద్రముల మీది గాలి త్రాసుతట్టలవలె నొకచో హెచ్చిన నొకచో తగ్గునని కనుగొనెను. దీనికే 1924లో దక్షిణాందోళనమను నర్థమిచ్చు పేరు పెట్టెను. నేడు ఎల్‌నినో, లానినా యని వార్తలలో వినవచ్చు మాటలకు మూలమిదియే. ఇంత శోధించిన పిదపను వాకర్ నిశ్చయమని చెప్పలేదు, అవకాశమనియే చెప్పెను.

ఇప్పుడు మన సీమకు మరలుదము. మన సంవత్సరపు వానలో దాదాపు ఐదింట నాలుగు పాళ్లు జూన్ మొదలు సెప్టెంబరు వరకు నైఋతి ఋతుపవనము వలననే కురియును. చలికాలపు వాన స్వల్పము. కాని వచ్చిన వేళ చెడ్డది. వానకాలమున వర్షము లేనిచో నాటు పడదు. చలికాలమున వర్షము వచ్చినచో చేతికందిన పంట పోవును. నవంబరు డిసెంబరులలో వరిధాన్యము కల్లములలో నుండును. ప్రత్తి పగిలి తెల్లగా నుండును. జనవరి మొదలు మిరపకాయ కల్లమున నెండుచు, ఎనుమాముల మార్కెట్టునకు బండ్లకెత్తుటకు సిద్ధముగా నుండును. ఒక్క జడివానకు ధాన్యము మొలకెత్తును, ప్రత్తి నల్లబడును, మిరపకాయ తాలుగాయ యగును. సంవత్సరపు కష్టము, తెచ్చిన యప్పు, బిడ్డపెండ్లి, అన్నియు నా యొక్క రాత్రి మీద వ్రేలాడుచుండును.

ఈ యకాలవర్షము రెండు దారుల వచ్చును. మొదటిది బంగాళాఖాతపు దారి. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు నందు వాయుగుండములును తుపానులును పుట్టుచుండును. 2023 డిసెంబరు 5న బాపట్ల కడ తీరము దాటిన మిచాంగ్ తుపాను తూర్పు తెలంగాణమును దాక తడిపెను. 2025 అక్టోబరు 28 రాత్రి మచిలీపట్టణమునకును కళింగపట్టణమునకును నడుమ తీరము దాటిన మొంథా తుపాను బలహీనపడుచునే లోపలికి వచ్చి, మరునాడు ఓరుగల్లు, హనుమకొండ నగరముల వీధులను ముంచెను. తీరమునకు రెండువందల యేబది కిలోమీటర్లకు పైగా దూరముననున్న మనకు తుపానుతో పనియేమని తలంచువారికిది గుణపాఠము. రెండవ దారి గాలులు కలియుట. సముద్రము నుండి వచ్చు తడిగాలియు, ఉత్తరము నుండి వచ్చు చల్లని పొడిగాలియు మన మీద కలిసికొనినప్పుడు ఉరుములతో వాన, ఒక్కొకప్పుడు వడగండ్లును పడును. 2022 జనవరి రెండవ వారమున, సంక్రాంతికి ముందు, నర్సంపేట, పరకాల ప్రాంతములందు పడిన వడగండ్లు మిరపచేలను నేలమట్టము చేసినవి.

ఇట్టి మేఘములు కొన్ని మైళ్ల వెడల్పు మాత్రమే కలవి. ఒక యూరిని చదును చేసి ప్రక్క యూరిని తాకక పోవును. కావుననే వాతావరణశాఖవారు “ఒకటి రెండు చోట్ల” అనియు, “కొన్ని చోట్ల” అనియు చెప్పుచుందురు. ఈ మాటలు తప్పించుకొనుటకు చెప్పినవని పరిహసించువారు కలరు. అట్లు కాదు, వీనికి కొలత కలదు. ఒక ప్రాంతమున వాన కొలుచు కేంద్రములు నూరున్నవనుకొనుడు. 25 కేంద్రములకు మించకుండ వాన పడినచో “ఒకటి రెండు చోట్ల”. 26 నుండి 50 వరకైన “కొన్ని చోట్ల”. 51 నుండి 75 వరకైన “అనేక చోట్ల”. అంతకు మించిన “దాదాపు అన్ని చోట్ల” యని వారి పరిభాష. ఒక దినమున రెండున్నర మిల్లీమీటర్ల వాన పడిననే దానిని వర్షదినముగా నెన్నుదురు, 64.5 మిల్లీమీటర్లైనచో భారీవర్ష మందురు. నేడు ఇన్సాట్ ఉపగ్రహములు, హైదరాబాదులోని డాప్లర్ రాడారు, మండలములలోని స్వయంచాలక కేంద్రములు గలవు. తుపాను దారిని కొన్ని దినములు ముందుగా చెప్పగలుగుచున్నారు. వడగండ్లు పడు చేనిని మాత్రము కొన్ని గంటలు ముందుగనైన చెప్పుట నేటికిని దుష్కరము.

నిశ్చయము లేని సూచనతో నేమి ప్రయోజనమని మీరడుగవచ్చును. ఒక చిన్నలెక్క చెప్పెదను. కల్లముపై పరదా కప్పుటకు దినమునకొక రూపాయి వ్యయమనుకొనుడు. కప్పకున్నప్పుడు వాన పడినచో పది రూపాయల నష్టమనుకొనుడు. వాన పడుటకు నాలుగింట నొకపాలు అవకాశము గల దినములు నాలుగు వచ్చినవి. నాలుగు దినములును కప్పిన, వ్యయము నాలుగు రూపాయలు. కప్పకయే యున్నచో, ఆ నాలుగింట నొక్కనాడు వాన పడుట సగటు గనుక, నష్టము పది రూపాయలు. వాన పడని మూడు దినములును “సూచన తప్పినది” యని నవ్విన వాడు నాలుగవనాడు ఏడ్చును. సూచన జోస్యము కాదు; అది తూకము. దానితో మన వ్యయమును మన నష్టమును తూచుకొనవలెను.

ఈ తూకమును మన ఓరుగంటివారు లెక్కలు వ్రాయకయే యెరిగియుండిరి. 1199 నుండి 1262 వరకు నేలిన గణపతిదేవుని కాలమును చూడుడు. ఆతని యమాత్యవర్గములోని జగదాళ ముమ్మడి పాకాల చెరువు కట్టించెను. సేనాని రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్పగుడి నిలిపెను, దాని చెంతనే విశాలమైన చెరువు కలదు. రాజసోదరి మైలమాంబ బయ్యారమున చెరువు త్రవ్వించెను. లక్నవరము నా కాలపు ఘనకార్యములలోనిదే. ఒకదాని మత్తడినీరు వేరొకదానికి చేరునట్లు వందలాది చెరువులను గొలుసుగా గూర్చిరి. చెరువును కాపాడువారికి దశబంధమను పేర మాన్యమిచ్చిరి.

చెరువు నిర్మాణమును శ్రద్ధగా చూడుడు. దానికి కట్ట కలదు, తూము కలదు, మత్తడి కలదు. వాన తక్కువైన యేడు నిలిచిన నీటిని కట్ట కాపాడును; నీరటివాడు తూము తెరచి కొలత ప్రకారము పొలములకు వదలును. వాన ఎక్కువైన యేడు కట్ట తెగకుండ మత్తడి పొరలిపోవును. అనగా, వాన వచ్చునా రాదా యన్న ప్రశ్నకు శిల్పి యుత్తరము చెప్పలేదు. రెండుత్తరములకును చోటుంచి కట్టెను. ఏడు శతాబ్దులు దాటినను పాకాల, రామప్ప, లక్నవరము నేటికిని పొలములు తడుపుచున్నవి. 2015లో తెలంగాణ ప్రభుత్వమువారు మిషన్ కాకతీయ పేర 46 వేలకు పైబడిన చెరువులను బాగుచేయ సంకల్పించుటయు నా వివేకమును స్మరించియే. చెరువునకు నీరు వచ్చు దారిని, పోవు దారిని పూడ్చి యిండ్లు కట్టుకొనిన చోట నా వివేకమును మరచితిమనుటకు 2025 నాటి ముంపే తార్కాణము.

కావున, శ్రోతలారా! ఈ చలికాలమున మన సీమలో మంచు కురియునా యని యడిగిన, కురియదని ధైర్యముగా చెప్పుడు. వాన పడునా యని యడిగిన, పడవచ్చును, పడకపోవచ్చును అని చెప్పుటకు సిగ్గుపడకుడు. వరాహమిహిరుడు చెప్పిన చిత్తైకాగ్రతతో ఆకాశమును చూడుడు. రేడియోలో వాతావరణసూచన వచ్చునప్పుడు “ఒకటి రెండు చోట్ల” అన్న మాటను చెవినబెట్టుడు. ఆ చోటు మన చేనే కావచ్చును. కల్లము కడ పరదా సిద్ధముగా నుంచుడు. ధాన్యపురాశిని పల్లమున గాక మెరక మీద పోయుడు. ఊరి చెరువు మత్తడి దారిలోని ముండ్లకంపను వాన రాకముందే తీయుడు. వాన రానిచో నష్టము స్వల్పము. వచ్చినచో దక్కునది యింటిల్లిపాది యేడాది గ్రాసము.

ఆకాశము మన యధీనమున లేదు. కట్ట, తూము, మత్తడి మన యధీనమున నున్నవి. కాకతీయుల నాటి పెద్దలు మనకిచ్చిన వాతావరణశాస్త్రమిదియే.